మొదటి వేటకి స్కోప్, రేంజ్‌ఫైండర్ ఏవి కొనాలి?

అందరికీ నమస్కారం. వీసా మీద ఈ దేశానికి వచ్చి ఏడాది కావస్తోంది. ఆఫీసులో తోటివాళ్ళు వచ్చే సీజన్‌లో జింకల వేటకి రమ్మంటున్నారు. హంటర్ సేఫ్టీ కోర్సు పూర్తయింది, లైసెన్సుకి దరఖాస్తు పెడుతున్నాను. 308 తూటా వాడే రైఫిల్ అనుకుంటున్నాను. రైఫిల్ మీద బిగించే స్కోప్, దూరం కొలిచే లేజర్ రేంజ్‌ఫైండర్ దగ్గరికి వచ్చేసరికి తల తిరిగిపోతోంది. 24 రెట్లు, 56 మిల్లీమీటర్లు, 1000 గజాలు అని రాసి ఉన్నవి చూస్తుంటే పెద్ద నంబరు ఉన్నదే మంచిదేమో అనిపిస్తోంది. అనుభవం ఉన్నవాళ్ళు కాస్త చెప్పగలరు.

———

తమ్ముడూ, వయసులో నాకంటే చిన్నవాడివే అయి ఉంటావని నువ్వు అనే రాస్తున్నాను.

స్కోప్ కంటే ముందు ఒక మాట. వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ కొనొచ్చా, కొనకపోయినా చేతిలోకి తీసుకోవచ్చా అన్నది దేశాన్నిబట్టి, వీసానిబట్టి మారిపోతుంది. నీ తోటివాళ్ళు అక్కడి పౌరులు. వాళ్ళకి చెల్లేది నీకూ చెల్లుతుందని లేదు. "ఏం కాదులే, మా ఇంట్లో రైఫిల్ ఉంది, అదే వాడుకో" అన్నా సరే, వేట లైసెన్సు చేతికొచ్చి, నీ వీసా తెలిసిన లాయర్‌ని అడిగాకే ముట్టుకో. వేట నియమాలు కూడా ఒకసారి పూర్తిగా చదువు. లోపలే రేంజ్‌ఫైండర్ ఉన్న స్కోప్‌నీ, రాత్రి చూసే స్కోప్‌నీ కొన్ని చోట్ల వేటకి ఒప్పుకోరు. ఆ గొడవ లేకుండా రెండూ విడివిడిగా కొనుక్కో.

ఇక నీ ప్రశ్న. పెద్ద నంబరు వెంట పడొద్దు. నేను పడ్డాను. నా మొదటి స్కోప్ 6-24×50. దూరంగా ఉన్నదాన్ని చూద్దామని రెట్లు మార్చే రింగ్‌ని 18 దగ్గర పెట్టి కూర్చున్నాను. చీకటి పడే వేళకి 40 గజాల దూరంలో పొదల్లోంచి జింక బయటికొచ్చింది. రైఫిల్ ఎత్తి చూస్తే గోధుమరంగు వెంట్రుకలు తప్ప ఏమీ లేవు. అది భుజమో తొడో తెలియలేదు. రింగ్ తిప్పుదామని చెయ్యి కదిపాను, అది తల ఎత్తింది, వెళ్ళిపోయింది. ఏమీ తెలియకుండా ట్రిగ్గర్ నొక్కి ఉంటే అది కుంటుకుంటూ అడవిలోకి పోయి ఎక్కడో చచ్చేది. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

నీకు 3-9×40 చాలు, లేదా 2.5-10×42. మొదటి రెండు అంకెలూ ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో చెబుతాయి, చివరిది ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. 3 రెట్ల దగ్గర 100 గజాల్లో 30 అడుగులకు పైగా వెడల్పు కనిపిస్తుంది. 18 రెట్ల దగ్గర అందులో ఆరో వంతు కనిపించడం కూడా కష్టం.

దుకాణంలో ఈ పని చేసి చూడు. స్కోప్‌ని చెయ్యి చాపి వెలుతురు వైపు పట్టుకో. కంటి వైపు అద్దంలో గుండ్రంగా ఒక తెల్లటి వెలుగు చుక్క కనిపిస్తుంది. రింగ్ 3 దగ్గర ఉంటే అది చొక్కా గుండీ అంత ఉంటుంది. మెల్లగా 9 వైపు తిప్పుతూ ఉండు, నీ కళ్ళముందే కుంచించుకుపోయి పెసరగింజంత అవుతుంది. నీ కంట్లోకి వచ్చే వెలుతురు అంతే. లెక్క సులువు: 40ని 9తో భాగిస్తే 4.4 మిల్లీమీటర్లు, 6తో భాగిస్తే 6.7. చీకట్లో కుర్రవాళ్ళ కంటిపాప 7 మిల్లీమీటర్ల దాకా తెరుచుకుంటుంది, వయసు పెరిగేకొద్దీ 5 దాకా తగ్గుతుంది. అంటే సాయంకాలం 6 దగ్గర పెట్టి చూస్తే నీ కన్ను తీసుకోగలిగినంతా వస్తుంది. నా 50 మిల్లీమీటర్ల స్కోప్ 24 దగ్గర ఇచ్చేది 2.1 మాత్రమే. జింకలు బయటికి వచ్చేది సరిగ్గా ఆ మసక వెలుతురులోనే. 56 మిల్లీమీటర్ల అద్దం వెలుతురు ఎక్కువ ఇస్తుంది, కాదనను. కానీ బరువు పెరుగుతుంది, స్కోప్ ఎత్తుగా బిగించాలి, చెంప రైఫిల్ కర్రకి ఆనదు, తల గాల్లో తేలుతుంది. తల కుదురుగా లేకపోతే గురి కుదరదు.

నంబర్ల మీద మిగిలిన డబ్బు అద్దం మీద పెట్టు. పూత లేని అద్దం ఒక్కో ముఖం దగ్గర సుమారు 4 శాతం వెలుతురును వెనక్కి కొట్టేస్తుంది. స్కోప్‌లో అలాంటి ముఖాలు పదికి తక్కువ ఉండవు. అంటే మూడో వంతు వెలుతురు దారిలోనే పోయినట్టు. 1935లో జైస్ కంపెనీలో కనిపెట్టిన పూత ఈ నష్టాన్ని ఆపడానికే. పెట్టె మీద "ఫుల్లీ మల్టీ కోటెడ్" అని పూర్తిగా ఉండాలి. ఉత్త "కోటెడ్" అంటే ఏదో ఒక అద్దానికి ఒక పూత వేశారని అర్థం. లోపల నైట్రోజన్ గానీ ఆర్గాన్ గానీ నింపి ఉండాలి, లేకపోతే చలిలోంచి వెచ్చని గదిలోకి రాగానే లోపల ఆవిరి పడుతుంది.

గురి గీతల్లో మామూలు డ్యూప్లెక్స్ తీసుకో. బయట లావుగా, మధ్యలో సన్నగా ఉండే అడ్డం, నిలువు గీతలు. లూపోల్డ్ 1962లో తెచ్చింది, ఇప్పటికీ జింకల వేటకి దాన్ని మించింది నాకు కనిపించలేదు. మసక వెలుతురులో లావు గీతలే కంటిని మధ్యకి తీసుకెళ్తాయి. కింద చుక్కలు, అంచెలు ఉన్నవి కూడా దొరుకుతాయి. అవి సెకండ్ ఫోకల్ ప్లేన్ స్కోప్‌లో, అంటే రెట్లు మార్చినా గీతల సైజు మారని దాంట్లో ఉంటే, సాధారణంగా రింగ్ పూర్తి పైకి తిప్పినప్పుడే ఆ చుక్కలు సరైన దూరాన్ని చూపిస్తాయి. 5 దగ్గర పెట్టి 300 గజాల చుక్క వాడితే లెక్క తప్పుతుంది. ఫస్ట్ ఫోకల్ ప్లేన్‌లో గీతలు బొమ్మతో పాటు పెరుగుతాయి కాబట్టి ఆ ఇబ్బంది లేదు, కానీ తక్కువ పవర్‌లో గీత దారంలా సన్నబడి చెట్ల మధ్య కలిసిపోతుంది. కొత్తవాడివి, సెకండ్ ఫోకల్ ప్లేన్‌లో డ్యూప్లెక్స్ తీసుకో.

గురి సర్దే మరలు తిప్పితే వచ్చే క్లిక్కుల గురించి భయపడకు. చాలా వేట స్కోపుల్లో ఒక క్లిక్కు పావు ఎంఓఏ (ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం), అంటే 100 గజాల్లో సుమారు పావు అంగుళం. తూటా 3 అంగుళాలు కింద తగిలితే 12 క్లిక్కులు పైకి. అదే 25 గజాల దగ్గర ఒక్క అంగుళానికే 16 క్లిక్కులు కావాలి, ఎందుకంటే దూరం నాలుగో వంతు. మొదట 25 దగ్గర కాగితం మీద పడేలా చూసుకుని, తర్వాత 100కి వెళ్ళు. ఒక్క తూటా చూసి తిప్పకు. మూడు కాల్చి, వాటి మధ్యభాగం ఎక్కడుందో చూసి తిప్పు.

బిగింపు దగ్గర ఎక్కువ మంది దెబ్బతింటారు. స్కోప్ గొట్టం అంగుళమా, 30 మిల్లీమీటర్లా చూసి దాన్ని రైఫిల్‌కి పట్టి ఉంచే రింగులు ఆ కొలతవే కొను. మరలు చేతి బలంతో కాకుండా, ఎంత బిగించామో చూపించే టార్క్ రెంచ్‌తో, తయారీదారు చెప్పిన అంకె దగ్గర ఆపు. అతిగా బిగిస్తే గొట్టం నొక్కుకుపోతుంది, వదులైతే రెండో రోజుకే గురి జరుగుతుంది. ఒక సీజన్ అంతా నా రైఫిల్ మంచిది కాదని తిట్టుకున్నాను. చివరికి చూస్తే కింది బేస్ మర ఒకటి వదులుగా ఉంది.

రేంజ్‌ఫైండర్ గురించి రాత్రికి రాస్తాను, పని పిలుస్తోంది.

———

అన్నగారు చెప్పినదానికి నేను రెండు కలుపుతాను తమ్ముడూ. నేనూ మా ఆయనా కలిసే వేటకి వెళ్తాం.

ఐ రిలీఫ్ చూసుకో. అంటే కంటికీ వెనక అద్దానికీ మధ్య ఉండాల్సిన దూరం. మూడున్నర అంగుళాలకి తగ్గకుండా ఉంటే మంచిది. నేను పొట్టిదాన్ని, మా ఆయన కొలతకి బిగించిన స్కోప్‌తోనే కాల్చాను, అంచు వచ్చి కనుబొమ మీద తగిలింది. చంద్రవంకలాంటి మచ్చ ఇంకా ఉంది. నీ రైఫిల్ నీ భుజానికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని చెంప ఆనించి, తర్వాత కళ్ళు తెరువు. బొమ్మ అంచుల దాకా నిండుగా కనిపించాలి. నల్లటి నీడ కనిపిస్తే స్కోప్‌ని ముందుకో వెనక్కో జరిపి అప్పుడు బిగించు. చలికోటు వేసుకునే ఈ పని చెయ్యి, కోటు మందం కూడా లెక్కలోకి వస్తుంది.

రెండోది, దీన్ని మాత్రం అస్సలు మర్చిపోకు. స్కోప్‌తో అడవిని వెతకొద్దు. స్కోప్ ఎటు చూస్తే తుపాకీ గొట్టం అటే చూస్తుంది. ఏదో కదిలిందని రైఫిల్ ఎత్తి చూస్తే అక్కడ మరో వేటగాడు ఉండొచ్చు. వెతకడానికి మెడలో బైనాక్యులర్ ఉండాలి. బడ్జెట్ సరిపోకపోతే స్కోప్‌లో తగ్గించుకునైనా బైనాక్యులర్ కొనుక్కో.

———

అక్క చెప్పిన రెండోమాట నేను మొదటే రాసి ఉండాల్సింది. ఇక రేంజ్‌ఫైండర్.

అది చేసే పని ఇంతే: కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగును, చాలావాటిలో 905 నానోమీటర్లది, చిన్న తునకగా వదిలి, తగిలి తిరిగొచ్చే సమయం కొలుస్తుంది. 300 గజాలు వెళ్ళి రావడానికి రెండు మైక్రోసెకన్లు కూడా పట్టదు. పెట్టె మీద ఉన్న 1000 గజాలు అద్దంలా మెరిసే వస్తువుకి. చెట్టుకి అంతకంటే తక్కువ, జింక వెంట్రుకలకి ఇంకా తక్కువ, తరచూ సగం కూడా రాదు. కాబట్టి "డీర్" అని విడిగా ఇచ్చిన అంకె చూడు. ఎండ మండిపోతుంటే, మంచు, వాన ఉంటే అది కూడా తగ్గుతుంది.

నీకు ఇది ఎందుకు కావాలో అర్థమైతే ఏది కొనాలో తెలుస్తుంది. 308ని 200 గజాలకి జీరో చేస్తే, అంటే ఆ దూరంలో గురిపెట్టిన చోటే తగిలేలా సర్దితే, 100 దగ్గర తూటా రెండంగుళాలు పైన, 250 దగ్గర నాలుగంగుళాల లోపు కింద తగులుతుంది. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు 8 అంగుళాల గుండ్రం. అంటే 250 దాకా లెక్కే అక్కర్లేదు, మధ్యలో గురిపెట్టడమే. 300 దగ్గర 8, 9 అంగుళాలు పడిపోతుంది, 400 దగ్గర రెండడుగులు. 300 అనుకున్నది 400 అయితే అడుగుకి పైగా తప్పుతుంది, అంటే కాలో పొట్టో. మొదటి రెండేళ్ళు నీ గీత 200 దగ్గర గీసుకో. రేంజ్‌ఫైండర్‌లో 230 కనిపిస్తే కాల్చకూడదని అర్థం. నా మటుకు నాకు ఈ పరికరం ఎక్కువసార్లు "వద్దు" అని చెప్పడానికే పనికొచ్చింది. దాన్ని కొన్నందుకు నాకు తృప్తి కూడా అదే.

దాని వెలుగు నువ్వు చూసే చుక్క కంటే వెడల్పుగా ఉంటుంది. ఒకసారి కొండవాలు మీద జింకకి పెడితే 340 అంది. వీపు పైన గురిపెట్టి కాల్చాను, తూటా దాని మీదుగా పోయి వెనక మట్టిలో దిగింది. నడిచి వెళ్ళి చూస్తే అది నిలబడ్డ చోటు 220. వెలుగు జింకకి కాక వెనక కొండకి తగిలి వచ్చింది. అప్పటినుంచి కూర్చోగానే చుట్టూ ఉన్న చెట్టు, బండ, కంచె స్తంభం అన్నిటి దూరాలూ ముందే కొలిచి గుర్తుపెట్టుకుంటాను. జింక వచ్చాక మూడుసార్లు కొలుస్తాను, మూడూ దగ్గర్లో ఉండాలి.

ఏటవాలులో కాల్చేటట్టయితే కోణం సరిచేసేది కొను. 30 డిగ్రీల వాలులో 300 గజాలు కనిపిస్తే తూటా పడేది 260 లెక్కనే. పైకి కాల్చినా కిందికి కాల్చినా అంతే, సరిచేయకపోతే రెండింటిలోనూ ఎత్తులోనే తగులుతుంది.

———

చాలా థాంక్స్ అన్నా, అక్కా. మా రూమ్మేట్ దగ్గర గోల్ఫ్ రేంజ్‌ఫైండర్ ఉంది, స్లోప్ కూడా చూపిస్తుంది. ఈ సీజన్‌కి అది సరిపోతుందా?

———

ప్రాక్టీసుకి వాడుకో, వేటకి తీసుకెళ్ళకు. గోల్ఫ్‌లో జెండా ముందుంటుంది, చెట్లు వెనకుంటాయి. అందుకే అది దగ్గరున్నదాన్నే పట్టుకునేలా తయారవుతుంది. అడవిలో దగ్గరుండేది కొమ్మ, గడ్డి. జింక వాటి వెనక ఉంటుంది. వేటవాటిలో దూరపుదాన్ని చూపించే మోడ్ ఉంటుంది, నీకు కావలసింది అది. గోల్ఫ్ వాటిలో స్లోప్ లెక్క కూడా బంతికి సంబంధించినది, తూటాకి కాదు.

డిస్‌ప్లే కూడా చూసుకో. నల్లటి అంకెలు పగలు బాగానే ఉంటాయి, సంధ్యవేళ చెట్ల నీడలో అస్సలు కనపడవు. ఎర్రగా వెలిగేవి తీసుకో, వెలుగు తగ్గించుకునే వీలుండాలి. దుకాణంలో దీపాల కింద కాకుండా సాయంత్రం బయటికి తీసుకెళ్ళి చూడనిస్తారేమో అడుగు. చాలావాటిలో సీఆర్ 2 బ్యాటరీ ఉంటుంది, చలికి తొందరగా నీరసపడిపోతుంది. పరికరాన్ని కోటు లోపలి జేబులో ఒంటి వెచ్చదనానికి పెట్టుకో, ఇంకో బ్యాటరీ దానికి పక్కనే ఉంచుకో. ప్రయాణం చేసి వేట చోటికి చేరాక, మొదటి రోజు పొద్దున్నే కాకుండా ముందు రోజే ఒక మూడు తూటాలు కాగితం మీద కాల్చి జీరో చూసుకో. బండిలో ఊగిసలాటకి గురి జరిగిన రైఫిల్స్ నేను కళ్ళారా చూశాను.