మిద్దె మీద లేత బీరకాయలు, ఏం వండితే బాగుంటుంది?

ప్రశ్న: కుండీల్లో పెట్టిన బీర తీగ ఇప్పుడు విరగకాస్తోందండీ, పొద్దున్నే కోస్తే గోరు గుచ్చగానే నీరు ఊరేంత లేతగా ఉన్నాయి. పప్పులో వేశాను, పాలు పోసి కూర చేశాను. ఇంకేం చేయొచ్చు?

జవాబు: అంత లేత కాయకి దయచేసి మసాలాలు వేయకండి. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లితో తాలింపు పెట్టి ముక్కలు వేసి మూత పెట్టేయండి, నీళ్లు చుక్క కూడా వద్దు, అది వదిలిన నీటిలోనే మగ్గిపోతుంది. ఉప్పు మాత్రం చివర్లో, కూర బాగా తగ్గిపోతుంది కదా.

జవాబు: చెక్కిన పొట్టు పారేయకండి అక్కా! పచ్చిమిర్చితో కలిపి నూనెలో పచ్చివాసన పోయేదాకా వేయించి, చింతపండు, వేయించిన నువ్వులు, ఉప్పు వేసి రోట్లో కచ్చాపచ్చాగా నూరండి. వేడన్నంలో నెయ్యి వేసుకుని తింటే నాకైతే కూర కంటే ఈ పచ్చడే ఇష్టం.

జవాబు: వండేముందు ప్రతి కాయలో చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదుగా ఉంటే ఉమ్మేసి కాయ మొత్తం పడేయండి. ఆ చేదు కుకుర్బిటాసిన్లు అనే విషపదార్థాల వల్ల వస్తుంది, ఉడికించినా పోదు, తింటే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి.

ప్రశ్న అడిగినవారు: చేదు సంగతి చెప్పి మంచి పని చేశారు. పొట్టు పచ్చడి ఈరోజే చేస్తాను, నువ్వులు కూడా ఉన్నాయి.