బార్డా, ఇల్యూజన్ విజార్డా: ఊహకు ఎక్కువ చోటిచ్చే క్లాస్ ఏది?

అనుభవజ్ఞులైన ఆటగాళ్లకు నమస్కారం. పాచికలు వేస్తూ కల్పిత పాత్రలుగా కథ నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట ఐదో ఎడిషన్‌లో, 2014 నియమాల ప్రకారం మూడో లెవెల్ నుంచి మొదలయ్యే ఆటకు పాత్రను సిద్ధం చేసుకుంటున్నాను. మా బృందంలో ఇప్పటికే ఫైటర్ (యోధుడు), క్లెరిక్ (పూజారి), రోగ్ (దొంగ) అనే క్లాసుల, అంటే వృత్తుల, పాత్రలు ఉన్నాయి కాబట్టి పోరాడేవారికి కొదవ లేదు. ఊహతో చిక్కుముడులు విప్పే పాత్ర నాకు కావాలి.

కాలేజ్ ఆఫ్ లోర్ అనే శాఖకు చెందిన బార్డ్ (మంత్రాలు వేసే గాయకుడు) వైపే మనసు ఎక్కువగా మొగ్గుతోంది. జాక్ ఆఫ్ ఆల్ ట్రేడ్స్ అనే సామర్థ్యం వల్ల శిక్షణ లేని నైపుణ్యాలకు కూడా ప్రొఫిషియెన్సీ బోనస్‌లో (శిక్షణ ఉంటే పాచిక విలువకు కలిసే అంకెలో) సగం కలుస్తుంది, మూడో లెవెల్‌లో అదనంగా మూడు నైపుణ్యాలు వస్తాయి, ఆరో లెవెల్‌కు చేరితే ఏ క్లాస్ జాబితా నుంచైనా రెండు మంత్రాలు తీసుకోవచ్చు. శత్రువు దాడి చేస్తున్న క్షణంలో కటింగ్ వర్డ్స్ అనే సామర్థ్యంతో అతని పాచిక విలువను తగ్గించడం నాకెంతో నచ్చింది. అయితే లెవెల్ పెరిగినప్పుడు పాత మంత్రాల్లో ఒక్కదాన్నే మార్చుకునే వీలుండటం ఇబ్బందిగా తోస్తోంది.

ఇల్యూజన్ విజార్డ్ (భ్రమలు కల్పించే మాంత్రికుడు) మైనర్ ఇల్యూజన్ అనే మంత్రంతో రూపాన్నీ శబ్దాన్నీ ఒకేసారి సృష్టించగలడు: కాపలావాడి ఎదుట ఒక చెక్కపెట్టె, అందులోంచి పసిబిడ్డ ఏడుపు. కానీ ఇటువంటి ఎత్తు ఎంతవరకు పారుతుందన్నది చాలావరకు ఆటను నడిపే డంజన్ మాస్టర్ తీర్పును బట్టే ఉంటుంది.

ఈ రెండు క్లాసులనూ ఎక్కువ కాలం ఆడినవారు దయచేసి చెప్పగలరు: మంత్రవిద్యలో బృందానికి బార్డ్ ఒక్కడే సరిపోతాడా? విజార్డ్‌నే ఎంచుకుంటే, భ్రమల విషయంలో డంజన్ మాస్టర్‌తో ముందుగానే ఏయే అంశాలు మాట్లాడుకోవాలి?