నెలకొక 200 కిలోమీటర్లు: ప్రయాణంలో గడిచిన నెలకు మినహాయింపు ఉండాలా?

నిదానం:
మన బృందంలో కొందరం వరుసగా పన్నెండు నెలలు, ప్రతి నెలా ఒక్కసారైనా 200 కిలోమీటర్లకు తగ్గకుండా సైకిల్ తొక్కాలని నియమం పెట్టుకున్నాం. దూరప్రయాణ సైక్లింగ్ సంఘాలైన బ్రిటన్‌లోని ఆడాక్స్ యూకే ‘రాండొన్యూర్ రౌండ్ ద ఇయర్’ పేరుతోను, అమెరికాలోని రాండొన్యూర్స్ యూఎస్‌ఏ ‘ఆర్-12’ పేరుతోను ఇటువంటి గుర్తింపు ఇస్తాయి. మనది మాత్రం మనలో మనం పట్టికలో రాసుకునే ఒప్పందమే. ఉద్యోగం పని మీదనో కుటుంబంతోనో నెలలో ఎక్కువ రోజులు ఇంటికి దూరంగా ఉన్నవారి విషయంలో ఇప్పుడు చిక్కు వచ్చింది. అద్దె సైకిల్ మీద తొక్కినది చెల్లుతుందా, హోటల్ గదిలో ట్రైనర్ (కదలకుండా ఉన్నచోటే తొక్కే పరికరం) మీద తొక్కినది చెల్లుతుందా, లేక ఆ నెలను వదిలేసి పదమూడో నెలతో సరిపెట్టవచ్చా అన్నదానిపై మీ అభిప్రాయాలు తెలియజేయండి.

చక్రధారి:
మినహాయింపు అన్న ఆలోచనకే నేను వ్యతిరేకిని. అద్దె సైకిలైనా, అరువు సైకిలైనా, మడిచి పెట్టెలో తీసుకెళ్లేదైనా నాకు అభ్యంతరం లేదు. గడియారం విషయంలో మాత్రం పట్టు విడవకూడదు. ఫ్రాన్స్‌లోని ఆడాక్స్ క్లబ్ పారిజియెన్ బ్రెవే (గడువులోగా పూర్తి చేయాల్సిన దూరప్రయాణం) నియమాల ప్రకారం 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 400కు 27 గంటలు, 600కు 40 గంటలు గడువు. భోజనానికి ఆగినా, పంక్చర్ వేసుకున్నా, దారి పక్కన కునుకు తీసినా ఆ గడియారం ఆగదు. ట్రైనర్ మీద సగం తొక్కి, స్నానం చేసి నిద్రపోయి, మిగిలిన సగం మర్నాడు తొక్కితే దానిని 200 అని రాయడానికి నాకు మనసొప్పదు.

కంకరరోడ్డు:
అద్దె సైకిల్ తీసుకునేవారు తమ సీటు ఎత్తును ముందే కొలిచి రాసుకుని వెళ్లడం మంచిది. సీటు మరీ కిందికి ఉంటే 200 పూర్తయ్యేలోగా మోకాలి ముందుభాగం నొప్పి పెట్టే అవకాశం ఎక్కువ. వీలైతే పెడళ్లు కూడా సొంతవే తీసుకెళ్లండి.

ఎదురుగాలి:
చక్రధారి గారు ట్రైనర్ అంటే విశ్రాంతి అనుకుంటున్నట్టున్నారు. ఆరుబయట దిగుడు వస్తే కాళ్లకు తెరిపి దొరుకుతుంది, ఒంటికి గాలి తగులుతుంది. గదిలో ఆ రెండూ ఉండవు, చెమట ఆరదు, సీటు మీద బరువు మారదు. నేను ట్రైనర్‌ను సరదాకు ఎంచుకోలేదన్నది కూడా అందరికీ తెలియాలి. సైకిల్‌ను విమానంలో పంపించాను. పెడళ్లు విప్పి, హ్యాండిల్ తిప్పి, డిస్క్ బ్రేక్ ప్యాడ్ల మధ్య స్పేసర్ పెట్టి, నాకు తెలిసిన జాగ్రత్తలన్నీ తీసుకున్నాను. అయినా పెట్టె విప్పేసరికి గేర్లు మార్చే వెనుక డిరైలర్‌ను పట్టి ఉంచే హ్యాంగర్ వంగిపోయి ఉంది. ఒక ఫ్రేముకు సరిపోయే హ్యాంగర్ మరో ఫ్రేముకు చాలాసార్లు సరిపోదని ఇక్కడ ఎవరికీ చెప్పనక్కరలేదు. పెట్టె మీద గీత కూడా లేదు గనుక తమ బాధ్యత లేదని విమాన సంస్థవారు తేల్చేశారు. నెలాఖరు కావడంతో హోటల్ ట్రైనర్ మీద ఒకే రోజులో 200 పూర్తి చేశాను. పట్టికలో ఆ గడిని ఖాళీగా వదిలేశారు.

చక్రధారి:
మీ హ్యాంగర్ విషయంలో నాకు సానుభూతి ఉంది. అయితే మీరు ఇక్కడ పెట్టిన రికార్డులో ఉన్నది చక్రం కదిలిన సమయమే గాని మొత్తం గడిచిన సమయం కాదు. ఈ రెండింటి మధ్య తేడా ఎంతో దయచేసి చెప్పండి.

ఎదురుగాలి:
నేను ట్రైనర్ కష్టం గురించి చెబితే మీరు మళ్లీ గడియారం దగ్గరకే వస్తారు. మధ్యలో రెండుసార్లు దిగాను, ఒకసారి ఆఫీసు ఫోన్ మాట్లాడాను. మొత్తం పన్నెండు గంటల లోపే పట్టింది.

చక్రధారి:
ఆ పన్నెండు గంటలకు రికార్డు ఉందా?

లెక్కలమారి:
ఖగోళ భౌతిక శాస్త్రవేత్త ఆర్థర్ ఎడింగ్టన్ తన సైకిల్ ప్రయాణాలకు వాడుకున్న పద్ధతిని పరిశీలించండి. 50 మైళ్లకు తగ్గకుండా తొక్కిన రోజులు 50 ఉంటే మీ సంఖ్య 50 అవుతుంది. 51 కావాలంటే 51 మైళ్లకు తగ్గని రోజులు 51 ఉండాలి, సరిగ్గా 50 మైళ్లు తొక్కిన రోజులేవీ అప్పుడు పనికిరావు. ఆయన 1944లో మరణించే నాటికి ఆ సంఖ్య 84 అని చెబుతారు. ఇందులో వరుస తెగిపోవడం అన్న బెడదే లేదు, ఇంట్లో ఉన్న రోజుకూ ప్రయాణంలో ఉన్న రోజుకూ తేడా ఉండదు.

చక్రధారి:
లెక్క బాగుంది గాని, ఇక్కడ వేసిన ప్రశ్నకు అది జవాబు కాదు.

వెనుకసీటు:
నేను సైకిల్ తొక్కను, మా ఆయన తొక్కుతారు. మీరిద్దరూ నిమిషాల గురించి ఇంతసేపు వాదించుకోవడం చూశాక రాయక తప్పలేదు. కుటుంబంతో వెళ్లిన ప్రతి ప్రయాణంలోనూ ఒక రోజు పూర్తిగా ఈ 200కు పోతుంది. ముందురోజు రాత్రి త్వరగా పడుకోవాలంటారు, మర్నాడు ఎక్కడికీ కదలలేనంటారు, అంటే పోయేది ఒక రోజు కాదు, దాదాపు మూడు. అద్దె సైకిల్ చెల్లుతుందో లేదో మీరు తేల్చుకోండి. ఆ రోజులను ఎవరిని అడిగి తీసుకుంటున్నారన్నది మాత్రం ఇంతవరకు ఒక్కరూ ప్రస్తావించలేదు.

ఎదురుగాలి:
నేను చెప్పలేకపోయినది ఇదే. చక్రధారి గారికి సెలవులన్నీ తన సొంతం, అందుకే మినహాయింపు అంటే బద్ధకమని తీర్పు చెప్పగలుగుతున్నారు. వచ్చి నా పిల్లల పరీక్షల నెలలో ఒకసారి తొక్కి చూపించమనండి.

చక్రధారి:
బద్ధకం అన్న మాట నేను ఎక్కడా వాడలేదు. నా సెలవుల గురించి మీకు తెలిసినది కూడా ఏమీ లేదు. నాకు ఉద్యోగం పోయిన ఏడాది, నెలాఖరు దగ్గరపడుతోందన్న భయం తప్ప నన్ను ఇంట్లోంచి బయటికి నడిపించినది మరొకటి లేదు. ఫలానా కారణానికి మినహాయింపు దొరుకుతుందని తెలిసి ఉంటే, ఆ కారణం నాకు ప్రతి నెలా దొరికి ఉండేది. ఒక్క నెలను సడలించినా మిగిలిన పదకొండింటికి నా దృష్టిలో బలం పోతుంది.

ఎదురుగాలి:
ఆ భయం మీకు మేలు చేసిందంటే నేను కాదనను. నా చేత అది జ్వరం పూర్తిగా తగ్గకుండానే సైకిల్ ఎక్కించింది, ఆ తర్వాత చాలా వారాలు మెట్లెక్కినా ఆయాసం వచ్చేది. మీ నియమాన్ని మీరు ఎంత కఠినంగానైనా పాటించండి. నా గడి ఖాళీగా ఉండాలని మీరెందుకు పట్టుబడుతున్నారు?

చక్రధారి:
మన ఇద్దరి పేర్ల పక్కనా పన్నెండు అన్న అంకె ఒకే పట్టికలో కనబడుతుంది గనుక.

వెనుకసీటు:
ఆ పట్టిక లేకపోతే ఎంతమంది తొక్కుతారో చూడాలని ఉంది.

నిదానం:
పట్టిక ఉంటుంది. నెలవారీ వరుసలో మినహాయింపు ఉండదు, ట్రైనర్ దూరాన్ని అందులో కలపను. ఎదురుగాలి గారికి ఇది రుచించదని తెలుసు. దాని పక్కనే ఎడింగ్టన్ సంఖ్యకు కిలోమీటర్లలో మరో వరుస తెరుస్తాను, ఇష్టమైనవారు పాత రికార్డులు కూడా పంపవచ్చు.

ఎదురుగాలి:
నా పేరు రెండో వరుసలోకి మార్చండి. మొదటి వరుసలో ఉన్నదంతా తీసివేయండి.

చక్రధారి:
రెండో వరుసకు నేనూ పంపుతాను. అయితే సాయంత్రం బయలుదేరి అర్ధరాత్రి దాటేవరకు తొక్కిన దూరాన్ని ఒక రోజుగా లెక్కిస్తారా, రెండుగా విడగొడతారా? ప్రయాణంలో ఉన్నవారికి ఏ ప్రాంతపు సమయాన్ని వర్తింపజేస్తారు? రికార్డులు పంపడం మొదలుకాకముందే ఇది తేలాలి.