బెట్ట నేలలో జొన్న: గింజకూ చొప్పకూ ఒకే పైరా, మేతకు వేరే పైరా?

మెట్టసేద్యం:
వర్షాధార నేలలో జొన్న వేసేవారు గింజకు కొంత, మేతకు కొంత నేలను విడదీసుకోవాలన్న సలహా ఈమధ్య తరచుగా వినిపిస్తోంది. దీనితో నేను ఏకీభవించను. జొన్న వేరు మీటరున్నర లోతు వరకూ దిగుతుంది, ఆకుపై మైనపు పూత ఉంటుంది, బెట్ట తగిలితే ఆకు చుట్టుకొని ఎదుగుదలను ఆపుకొని వాన పడగానే మళ్ళీ పుంజుకుంటుంది. అంతటి పైరును పూతలోనే కోసి పశువులకు వేస్తే, గింజ కట్టడానికి అది నేల అడుగు నుంచి తోడుకోగలిగిన తేమను మనమే వదులుకున్నవాళ్ళమవుతాం. పొడవుగా పెరిగి రెండింటికీ పనికివచ్చే రకాన్ని నేలంతా వేసుకోవడమే మేలని నా నిశ్చితాభిప్రాయం.

పాడిపశువులు:
మెట్టసేద్యం గారు చొప్పను మోపుల లెక్కన చూస్తున్నారు. గింజ పండాక కోసిన చొప్పలో మాంసకృత్తులు సాధారణంగా 3 నుంచి 5 శాతమే ఉంటాయి. మేతలో సుమారు 7 శాతమైనా లేకపోతే నెమరువేసే పశువు పెద్దపొట్టలోని సూక్ష్మజీవులకు చాలినంత నత్రజని అందదు, పీచు త్వరగా అరగదు, పశువు తినడమే తగ్గిస్తుంది. గింజ నిండేటప్పుడు మొక్క ఆకుల్లోని నత్రజనిని కంకికి తరలిస్తుంది కనుక ఇది అనివార్యం. పైగా సాగు పద్ధతులు కూడా పొసగవు. గింజకైతే ఎకరాకు 3, 4 కిలోల విత్తనం, 45 సెంటీమీటర్ల సాళ్ళు సరిపోతాయి. మేతకైతే కాడ సన్నగా రావాలి కనుక 12 కిలోలకు తగ్గకుండా వత్తుగా వేస్తాం. బెట్టలో గింజ కావాలంటే మొక్కలు పలచగా ఉండాలి, మెత్తని మేత కావాలంటే వత్తుగా ఉండాలి. ఒకే చేనులో ఈ రెండూ ఎలా కుదురుతాయి?

కొత్తసాలు:
గింజ పండినా ఆకు పచ్చగా నిలిచే రకాలు ఉన్నాయి కదా, వాటిని వేస్తే ఈ తగాదా తీరదా?

మెట్టసేద్యం:
నేను చెప్పదలచుకున్నది అదే. స్టే-గ్రీన్ అనే ఈ గుణానికి ప్రజనన పరిశోధకులు ఎక్కువగా ఆధారపడింది ఇథియోపియా జొన్న నుంచి వచ్చిన బి35 అనే వంశం మీద. పూత తర్వాత బెట్ట పడితే మామూలు జొన్నలో ఆకులు కింది నుంచి ఎండుతూ వస్తాయి, కాడలోని నిల్వలు కంకికి పోతాయి, డొల్లపడిన కాడకు మాక్రోఫోమినా శిలీంధ్రం సోకి చేను పడిపోతుంది. పడిన చేనులో గింజా చొప్పా రెండూ చెడతాయి. స్టే-గ్రీన్ మొక్క పూతకు ముందు పిలకలనూ ఆకులనూ అదుపులో ఉంచుకొని, నేలలో మిగిల్చిన నీటిని గింజ నిండే కాలానికి వాడుకుంటుంది. కాడ నిలబడుతుంది, ఆకు రాలదు. పాడిపశువులు గారు చెప్పిన 3 శాతం ఆకు రాలిపోయిన ఎండు కాడకు వర్తించే అంకె.

పాడిపశువులు:
ఆకు పచ్చగా కనిపించినంత మాత్రాన అందులో పాలిచ్చే పశువుకు సరిపడే బలం ఉందని ఎలా అంటారు? మామూలు చొప్ప కంటే అది మెరుగైతే కావచ్చు. నేను పోలుస్తున్నది సగం పూతలో, అంటే చేనులో సగం మొక్కలు పూసినప్పుడు కోసిన మేతతో. ఆ మాటకు మీరు ఇంకా జవాబు చెప్పలేదు.

ఇక ఒకే పైరు వేసేవారు చెప్పని ప్రమాదం మరొకటి ఉంది. ఒక బెట్ట సంవత్సరంలో గింజ కోత అయ్యాక, మోళ్ళ నుంచి వచ్చిన పిలకలను మేపుకోవచ్చని అనుభవజ్ఞులే చెబితే నమ్మి పశువులను తోలాను. చిన్న వాన తర్వాత వచ్చిన లేత చిగురు అది. సాయంత్రానికి చూలుతో ఉన్న పాడి ఆవు నాము తగిలి చేలోనే పడిపోయింది. వైద్యుడు వచ్చేలోపే ప్రాణం పోయింది. రెండు విధాలా లాభమన్న మాట వినిపించినప్పుడల్లా నాకు ఆ ఆవే గుర్తుకొస్తుంది.

పశువైద్యం:
ఇందులో రెండు వేర్వేరు విషాలున్నాయి. నాము అంటే సయనైడు. లేత మొక్కలోనూ మోడు పిలకలోనూ బెట్టకు కుంగిన పైరులోనూ ధూరిన్ అనే పదార్థం ఎక్కువగా ఉంటుంది, అది ప్రధానంగా ఆకుల్లోనే. నమిలినప్పుడు దాని నుంచి హైడ్రోసయానిక్ ఆమ్లం విడుదలవుతుంది. పైరు ముదిరేకొద్దీ ఇది తగ్గుతుంది కనుకనే సగం పూత వరకూ ఆగమంటాం. రెండవది నైట్రేటు. అది కాడ అడుగు భాగంలో పేరుకుంటుంది, బెట్ట తర్వాత వాన పడిన కొద్ది రోజుల్లో మరీ పెరుగుతుంది, ఎండబెట్టినా తగ్గదు. పాతర వేసి పులియబెడితే కొంత తగ్గుతుంది. అనుమానమున్న చేనును జానెడు ఎత్తు వదిలి కోయడం మంచిది.

చికిత్స కూడా వేరు. సయనైడు సోకిన పశువు రక్తం మొదట మెరిసే ఎరుపులో ఉంటుంది, నైట్రేటు సోకితే చాక్లెట్ గోధుమ రంగుకు మారుతుంది. మొదటిదానికి సోడియం నైట్రైటు, సోడియం థయోసల్ఫేటు ఇస్తారు, రెండవదానికి మిథిలీన్ బ్లూ. నైట్రేటు సోకిన పశువుకు పొరపాటున నైట్రైటు ఇస్తే ప్రాణమే పోతుంది. దయచేసి రెండింటినీ నాము అనే ఒక్క పేరుతో పిలవకండి.

విత్తనాలగది:
గోధుమరంగు ఈనె ఉండే జొన్నలను కూడా ఎవరైనా ప్రస్తావించాలి. పీచును అరగనివ్వని లిగ్నిన్ అనే పదార్థం తక్కువగా ఉండే ఈ రకాల గురించి అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1978లో ప్రచురించారు. అరుగుదల మెరుగే కానీ, వీటిలో చాలావాటికి కాడ బలహీనంగా ఉండి పడిపోయే స్వభావం ఉంది.

మెట్టసేద్యం:
మీ ఆవు పోయినందుకు నాకు బాధగానే ఉంది. కానీ అది మోడు పిలక మేపినందువల్ల జరిగింది. మేత జొన్ననే వేసి మొదటి కోత తర్వాత వచ్చిన చిగురును మేపినా అదే జరిగేది. ఆ నష్టాన్ని నా వాదన మీద వేయడం న్యాయం కాదు. నాకూ ఒక గాయముంది. దిగుబడి ఎక్కువని నమ్మించి ఒక వ్యాపారి పొట్టి సంకర విత్తనం అంటగట్టాడు. గింజ వచ్చింది కానీ, చొప్ప మోకాలి ఎత్తు దాటలేదు. 1964లో భారతదేశంలో తొలి సంకర జొన్న సీఎస్‌హెచ్-1 వచ్చినప్పుడు కూడా గింజనే చూశారు, చొప్పను తక్కువగా చూశారు. మేత పేరిట మీరు ఇప్పుడు గింజను అలాగే పక్కకు నెడుతున్నారు.

పాడిపశువులు:
నేను గింజను నెట్టడం లేదు. అడగవలసిన ప్రశ్న ఒకటుంది, దాన్ని మీరు తప్పించుకుంటున్నారు. పొట్ట దశలో వాన పోయిందనుకోండి. చేను ఇంకా పచ్చగానే ఉంది, కంకి బయటికి వస్తుందో రాదో తెలియదు. ఆ రోజు కోసి పాతర వేస్తే నాకు వేసవి గడుస్తుంది. మీలాంటివారు గింజ మీద ఆశతో ఇంకో మూడు వారాలు ఆగుతారు, కంకి తాలు పోతుంది, ఆకు ఎండిపోతుంది, చివరికి గింజా మేతా రెండూ ఉండవు. మేతకు కొంత నేల విడిగా ఉంచుకోమని నేను అనేది ఆ నిర్ణయం ముందే జరిగిపోవాలనే. ఆశ ఉన్నంతకాలం కొడవలి పట్టే చేయి ఎవరికీ రాదు.

మెట్టసేద్యం:
ఆ మాట మొదటే చెప్పి ఉంటే మనం మాంసకృత్తుల శాతాల మీద ఇంత కొట్లాడేవాళ్ళం కాదు. మీకు పశువు ముందు, నాకు గింజ ముందు. పశువు లేకుండా ఒక ఏడాది నెట్టుకురాగలను, ఇంట్లో గింజ లేకుండా నెట్టుకురాలేను. అందుకే ఆగుతాను, అది అజ్ఞానం కాదు. అయితే ఎంతవరకు ఆగాలో దశ చెబుతుంది. మొలిచిన 30, 35 రోజులకు కాడలో కంకి రూపుదిద్దుకోవడం మొదలవుతుంది, అంతకు ముందు బెట్ట వస్తే జొన్న ఓర్చుకోగలదు కనుక ఆగడంలో తప్పులేదు. పొట్ట దశ నుంచి పూత వరకు తగిలిన దెబ్బ నేరుగా గింజల సంఖ్యను తగ్గిస్తుంది. అక్కడక్కడా కాడలను నిలువునా చీల్చి చూసి, కంకి తెల్లబడి వాడిపోయి ఉంటే ఆ చేనును నేను కూడా అదే వారంలో కోసేస్తాను.

పాడిపశువులు:
చీల్చి చూడమనడం బాగుంది. కానీ కంకి బాగానే ఉండి నేలలో తేమ మాత్రం అడుగంటిపోతే ఏం చేస్తారు? అప్పుడు కూడా ఆగుతారా?

మెట్టసేద్యం:
ఆగుతాను. తేమ ఎంత లోతున ఉందో తవ్వి చూసి మరీ ఆగుతాను. గింజ నిండితే, దాని అడుగున నల్లని చుక్క కనిపించగానే కోస్తాను, అప్పటికి స్టే-గ్రీన్ ఆకులో ఇంకా కొంత సత్తువ ఉంటుంది. మొత్తం ఎండేవరకు వదిలేసేవారి చొప్పతో నా చొప్పను పోల్చకండి.

పాడిపశువులు:
మీ చేనులో మీరు ఆగండి. నా పశువులకు మాత్రం ఈసారి కూడా పావు వంతు నేలలో మేత జొన్న వత్తుగా వేస్తాను, ఆ నేల నుంచి ఒక్క గింజనూ ఆశించను.