కజె తచిను: ఆ "యామో" బతకమంటుందా, వద్దంటుందా?

కాగితప్పడవ: జపాన్ దర్శకుడు మియజాకి 2013లో తీసిన యానిమేషన్ సినిమా "కజె తచిను" పేరు చూసినప్పుడల్లా దాని జంటవాక్యం "ఇజా ఇకిమెయామో" వేధిస్తోంది. "గాలి లేచింది, బతకాలి మరి" అని చదివిన గుర్తు. ఒక మిత్రుడేమో "తచిను" అంటే "లేవలేదు" అంటున్నాడు.

నిఘంటువు: ఆయన వ్యతిరేకార్థపు "ను" అనుకున్నారు. అదైతే "తతను" అయ్యేది. "తచి" మీద చేరిన "ను" పని పూర్తయిందని చెబుతుంది. ఈ జంటవాక్యానికి మూలమైన ఫ్రెంచి కవి వలేరీ 1920 నాటి కవితలో ఉన్నది వర్తమానం, దాన్ని "లేచింది" చేసినవాడు జపాన్ నవలాకారుడు హోరి తత్సువో. సినిమా ఇంగ్లీషు పేరు మళ్లీ వర్తమానానికే పోయింది. ఇందులో తగవేమీ లేదు, ఉన్నదంతా "యామో"తోనే.

గోదారిగట్టు: తగవెందుకు, అది తప్పే. జపాన్ ప్రాచీన కవితా సంకలనం మాన్యోషూలో కవి హితోమారో "మత మో అవమెయామో" అన్నాడు. శిగా మలుపులో నీళ్లు ఎంత నిలిచి చూసినా వెనకటి మనుషులను మళ్లీ కలుస్తాయా? కలవవు. అచ్చంగా మన కాకువు, అడిగే గొంతుతోనే కాదనడం. ఆ లెక్కన హోరి వాక్యం "బతుకుతామా ఏమిటి!" అవుతుంది. బతకడానికి ప్రయత్నించాలన్న వలేరీకి పూర్తిగా తలకిందులు. భాషావేత్త ఓనో సుసుము, రచయిత మారుయా సాయిచీ ఈ తప్పు ఎప్పుడో పట్టుకున్నారు.

వెన్నెలమెట్టు: వాళ్లు పట్టుకున్నది వ్యాకరణాన్ని. హోరి నవల (1936-38) చదివితే ఆ మాట ఎప్పుడు వస్తుందో తెలుస్తుంది. గాలికి బొమ్మ నిలబెట్టిన ఈజిల్ పడిపోతుంది, కథకుడి పెదవులమీదికి ఆ వాక్యం వస్తుంది. పక్కనున్న అమ్మాయికి తర్వాత క్షయ. "మె"లో సంకల్పం ఉంది, "యామో" దాన్ని తడబడేలా చేసింది. గజేంద్రుడు "కలడు కలండనెడివాడు కలడో లేడో" అంటే నాస్తికుడయ్యాడా?

గోదారిగట్టు: పోతనను ఇందులోకి లాగకండి. "లేడో" సందేహం, "యామో" సందేహం కాదు. పైగా గజేంద్రుడు ఆ తర్వాత "నీవే తప్ప నితఃపరం బెరుగ" అని తేల్చుకున్నాడు. హోరి కథకుడికి ఆ పద్యం రాసిపెట్టి లేదు.

నిఘంటువు: అంత దూరం ఎందుకు? "కలడో లేడో" వెనకే వచ్చే సీసం ఎత్తుగడ చూడండి: "కలుగడే నాపాలి కలిమి సందేహింప". రూపంలో లేదనడం, భావంలో ఉన్నాడనడం. "యామో" సరిగ్గా దీనికి ఎదురు: రూపంలో ఔను, భావంలో కాదు. పోలిక తేవాలంటే "కలుగడే" తేవాలి. అందరూ "కలడందురు" దగ్గరే ఆగిపోతారు.

వెన్నెలమెట్టు: ఆగలేదు. ఆ "కలుగడే"లో కూడా గొంతు వణుకుతుంది. గట్టిగా పాడేవాళ్లు ఆ వణుకు చెడగొడతారు.

కాగితప్పడవ: తెలుగులో పేరు "గాలి లేచింది" అంటే సరిపోతుందా?

గోదారిగట్టు: చాలదు. ఆ "ను" ఇప్పటి జపనీస్ మాటల్లో వినపడేది కాదు, గ్రాంథికం. "గాలి లేచెను" అనండి.

నిఘంటువు: మీ "ను" ద్రుతం, మాట చివర వచ్చిపోయే నకారం. ఆ "ను"కూ దీనికీ చుట్టరికం చెవిలోనే.

వెన్నెలమెట్టు: "లేచెన్" అని ఆపితే?

గోదారిగట్టు: ఆపితే పక్కన అచ్చు కావాలి. "గాలి లేచెనిక" అనాలి. అది సరే, పోతన పద్యాల్లో అరసున్నలన్నీ ఎగరగొట్టింది ఎవరు? "కలఁడో లేఁడో" అని రాయడానికి ఇక్కడ ఎవరికీ చేతులు రాలేదా?