118–110 ఎలా వచ్చింది? స్కోరింగ్ తెలిసినవారు చెప్పగలరా?

కొంతకాలంగా పాత బాక్సింగ్ పోటీలు చూస్తూ, కాగితం, పెన్ను పట్టుకుని ప్రతి రౌండుకూ నేనే మార్కులు వేస్తున్నాను. చాలావరకు జడ్జీల లెక్కకు దగ్గరగానే వస్తున్నాను. 2017 సెప్టెంబరులో లాస్ వేగాస్‌లో జరిగిన కనెలో అల్వారెజ్–గెన్నడీ గొలోవ్కిన్ పోటీ దగ్గర మాత్రం నా లెక్క పూర్తిగా తప్పింది.

ఒక జడ్జి 115–113తో గొలోవ్కిన్ వైపు మొగ్గారు. ఇంకొకరు 114–114 ఇచ్చారు. ఈ రెండూ అర్థమవుతున్నాయి. మూడో జడ్జి కార్డు (మార్కుల పట్టిక) 118–110, అదీ అల్వారెజ్‌కు! రౌండు గెలిచినవారికి సాధారణంగా 10, ఓడినవారికి 9 వేస్తారు కాబట్టి, పన్నెండింటిలో పది రౌండ్లు అతనివేనట. నేను మూడుసార్లు చూశాను. మూడోసారి శబ్దం ఆపేసి మరీ చూశాను (వ్యాఖ్యాతల మాటలు నన్ను ఒక వైపు లాగుతున్నాయేమోనని అనుమానం). ఎంత ఉదారంగా వేసినా అతనికి ఆరుకు మించి ఇవ్వలేకపోయాను.

స్పష్టంగా తగిలిన దెబ్బలు, ఫలితమిచ్చే దూకుడు, రింగుపై పట్టు, రక్షణ చూడాలని తెలుసు. కానీ ఒకరు ముందుకు తోసుకొస్తుంటే, మరొకరు తాళ్లకు ఆనుకుని తప్పించుకుంటూ అప్పుడప్పుడు గట్టిగా ఎదురుదెబ్బ కొడితే, ఆ రౌండు ఎవరిది? జడ్జీలు రింగుకు మూడు వైపులా కూర్చుంటారు కాబట్టి, ఒకరికి కనిపించిన దెబ్బ ఇంకొకరికి బాక్సర్ వీపు చాటున పోవచ్చు. ఆ తేడా ఒకటి రెండు రౌండ్లను మార్చగలదు సరే, నాలుగైదింటిని మార్చగలదా?

ఎక్కడైనా జడ్జిగా కూర్చున్న అనుభవం ఉన్నవారు చెప్పండి: హోరాహోరీ రౌండులో మీరు మొదట దేన్ని చూస్తారు? రౌండు సమానమని 10–10 ఇవ్వడానికి అంతగా ఎందుకు వెనకాడతారు?