కెమ్నిట్జ్‌లో సోనా మసూరి ఎక్కడ దొరుకుతుంది?

కొత్తగా వచ్చిన విద్యార్థి, కెమ్నిట్జ్:
అందరికీ నమస్కారం. ఈ నెలలోనే మాస్టర్స్‌కి జర్మనీలోని ఈ ఊరికి వచ్చాను. మాది తణుకు దగ్గర పల్లెటూరు. హాస్టల్ పక్క వీధిలో వియత్నాం వాళ్ల చిన్న ఏషియన్ షాపు ఉంది. అక్కడ జాస్మిన్ బియ్యమే కనిపిస్తే తెచ్చుకున్నాను. అన్నం ముద్దముద్దగా అవుతోంది. సోనా మసూరి అడిగితే వాళ్లు తెప్పిస్తారా, లేక ఆన్‌లైన్‌లో తీసుకోవాలా? కార్డు తీసుకుంటారా?

లైప్‌జిగ్ అక్క, తొమ్మిదేళ్లుగా ఇక్కడే:
తమ్ముడూ, బియ్యం ఎక్కడైనా దొరుకుతుంది. ముందు ఆ షాపులో ఆకుకూరలు పెట్టే చోటు చూడు. మొదటి ఏడాదంతా నేను ఫ్రోజెన్ పాలకూరతోనే పప్పు వండుకున్నాను. మన కూరలే వేరే పేర్లతో పక్కనే ఉన్నాయని ఎవరూ చెప్పలేదు. వాళ్లు మోంగ్ తోయ్ అనేది మన బచ్చలికూర. రావ్ జెన్ అంటే తోటకూర. రావ్ ముయోంగ్ అంటే తూటికూర. చామదుంపలు, కాకరకాయలు, బీరకాయ లాంటివి కూడా ఉంటాయి. గంగవాయిలి కూర కావాలంటే టర్కీ వాళ్ల షాపుకి వెళ్లి సెమిజోతు అని అడుగు, పెద్ద కట్ట ఇస్తారు. కొత్తిమీర కొనేటప్పుడు మాత్రం తప్పకుండా వాసన చూడు. పేటర్‌జీలియె అని రాసి ఉంటే అది పార్స్లీ, చూడ్డానికి కొత్తిమీరలాగే ఉండే వేరే ఆకు. నేను దాంతో రసం పెట్టి మొత్తం పారబోశాను.

ఇంకో మాట. తూర్పు జర్మనీ ఫ్యాక్టరీల్లో పనికి వచ్చిన వియత్నాం వాళ్లు చాలామంది 1990 ప్రాంతంలో ఉద్యోగాలు పోయి ఇలాంటి చిన్న దుకాణాలు పెట్టుకున్నారు. వాళ్లకీ ఒకప్పుడు ఇది కొత్త ఊరే. వెళ్లగానే నమస్కరించి, ఏం కావాలో ఫోన్‌లో ఫొటో చూపించు. మా షాపు ఆవిడ నోట్‌బుక్‌లో రాసుకుని తర్వాతి లోడుకి తెప్పిస్తుంది.

డార్ట్‌మండ్ అన్న, 2011 నుంచి:
పశ్చిమ జర్మనీలోని మా రూర్ ప్రాంతంలో 1983 తర్వాత వచ్చిన శ్రీలంక తమిళుల షాపులు చాలా ఉన్నాయి కాబట్టి ఇడ్లీ బియ్యానికీ మునక్కాడలకీ లోటు లేదు. కానీ తమ్ముడూ, నువ్వు ముందు నేర్చుకోవాల్సింది రసీదు తీసుకోవడం. నాకు జరిగింది చెబుతాను.

2016లో అప్పుడున్న ఊళ్లో ఒక చిన్న షాపులో 20 కిలోల బియ్యం బస్తా కొన్నాను. ట్రామ్‌లో ఒళ్లో పెట్టుకుని తెచ్చి, లిఫ్ట్ లేని నాలుగో అంతస్తుకి మోశాను. రాత్రి బస్తా కోస్తే గింజకో పురుగు. పొద్దున్నే మళ్లీ దించి, మళ్లీ ట్రామ్ ఎక్కి తీసుకెళ్లాను. షాపాయన బస్తా వైపు చూడను కూడా చూడలేదు. 'రసీదు ఉందా' అన్నాడు. ముందురోజు నేను అడిగితే మెషీన్ పనిచేయడం లేదన్నది ఆయనే! 'మా షాపుది కాదు, నీ ఇంట్లోనే పట్టి ఉంటాయి' అన్నాడు. నాకు అప్పుడు జర్మన్ సరిగా రాదు, వెనక క్యూలో అందరూ నన్నే చూస్తున్నారు. బస్తా అక్కడే వదిలేసి వచ్చాను. ఆ నెల మిగిలిన డబ్బుతో బ్రెడ్డు తిన్నాను. ఇప్పటికీ తలుచుకుంటే బాధేస్తుంది.

ఇప్పుడు నియమం మారింది. ఎలక్ట్రానిక్ బిల్లింగ్ మెషీన్ ఉన్న షాపు ఏదైనా 2020 జనవరి 1 నుంచి రసీదు ఇచ్చి తీరాలి. రసీదు లేకపోతే నీకు ఏ హక్కూ లేదు.

మ్యూనిక్ నుంచి:
అన్నా, చివరి మాట సరి కాదు. సరుకు పాడైతే మార్చి ఇవ్వడం షాపు బాధ్యత, అక్కడే కొన్నావని వేరే విధంగా రుజువు చూపించినా చాలు. కార్డుతో కడితే బ్యాంక్ స్టేట్‌మెంట్ పనికొస్తుంది. నచ్చలేదని తిరిగిస్తే మాత్రం వాళ్లు తీసుకోవాలని ఎక్కడా లేదు. తమ్ముడూ, కార్డు తీసుకోవాలనే చట్టమూ లేదు, చిన్న షాపులు చాలావరకు పది యూరోలు దాటితేనే తీసుకుంటాయి. జేబులో నోట్లు ఉంచుకో. ఆదివారం మూసేస్తారు, శనివారమే వెళ్లు.

ప్యాకెట్ మీద మిండెస్టెన్స్ హాల్ట్‌బార్ అని ఉన్న తేదీ దాటినా సరుకు బాగుంటే అమ్మొచ్చు, అది మోసం కాదు. త్సు ఫెర్‌బ్రౌఖెన్ బిస్ అని ఉంటే మాత్రం ఆ తేదీ తర్వాత ముట్టుకోవద్దు.

డార్ట్‌మండ్ అన్న:
స్టేట్‌మెంట్ మాట నిజమే, కానీ 2016లో నేను నోట్లిచ్చాను కదా! అందుకే చెబుతున్నాను, బియ్యం మాత్రం ఆన్‌లైన్‌లోనే తీసుకో. ఇంటి గుమ్మం దాకా తెచ్చిస్తారు, మెయిల్‌లో బిల్లు ఉంటుంది.

లైప్‌జిగ్ అక్క:
అన్నయ్యా, మీకు జరిగింది అన్యాయమే. కానీ ఒక్క షాపుని బట్టి అందరినీ పక్కన పెట్టమంటే ఎలా? మా షాపు ఆవిడ దగ్గర ఒకసారి మినప్పప్పులో పురుగు వస్తే మారు మాట లేకుండా మార్చి ఇచ్చింది. మనం అందరం ఆన్‌లైన్‌కి పోతే ఆ షాపు మూతపడుతుంది, అప్పుడు బచ్చలికూర ఎవరు తెస్తారు? తమ్ముడూ, ముందు 5 కిలోలే కొను. నాలుగైదు రోజులు ఫ్రీజర్‌లో పెట్టి తీస్తే ఉన్న పురుగు, గుడ్లు చచ్చిపోతాయి.

హైదరాబాద్ నుంచి వచ్చే నెల బయలుదేరుతున్నాను:
మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. కరివేపాకు, అమ్మ చేసిన నాటుకోడి పచ్చడి బ్యాగులో తేవచ్చా?

మ్యూనిక్ నుంచి:
రెండూ వద్దు చెల్లీ. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు తేకూడదు. కాబట్టి కోడి పచ్చడి, నెయ్యి, పాలకోవా ఇంట్లోనే వదిలెయ్. పచ్చి ఆకులకు 2019 డిసెంబర్ నుంచి ఫైటోశానిటరీ సర్టిఫికెట్, అంటే పురుగులు, తెగుళ్లు లేవనే ధ్రువపత్రం కావాలి. అరటి, కొబ్బరి, ఖర్జూరం, అనాస, డ్యూరియన్ పండ్లకు మాత్రమే మినహాయింపు. కరివేపాకు పొడి కొట్టించుకో. రొయ్యల పచ్చడి తేవచ్చు.

డార్ట్‌మండ్ అన్న:
రొయ్యలూ మాంసమే కదా, నా ఫ్రెండ్ దగ్గర తీసేసుకున్నారు.

మ్యూనిక్ నుంచి:
చేపలు, రొయ్యల లెక్క వేరు అన్నా, సొంత వాడకానికి 20 కిలోల దాకా ఒప్పుకుంటారు. ఆయన డబ్బాలో ఇంకేదో కలిసి ఉండాలి.

కొత్తగా వచ్చిన విద్యార్థి, కెమ్నిట్జ్:
ఈరోజు వెళ్లొచ్చాను. సోనా మసూరి ఫొటో చూపిస్తే ఆవిడ రాసుకుంది, శుక్రవారం వస్తుందట. బచ్చలికూర దొరికింది అక్కా, థాంక్స్! రసీదు కూడా అడగకుండానే ఇచ్చింది. కందిపప్పు ప్యాకెట్ మీద ఆయిలీ అని ఉంది, చేతికి జిడ్డుగా తగులుతోంది. పాడైపోయిందా?

లైప్‌జిగ్ అక్క:
పాడవలేదు తమ్ముడూ. నిల్వ ఉండడానికి నూనె పట్టిస్తారు. గోరువెచ్చని నీళ్లతో రెండు మూడు సార్లు రుద్ది కడుగు. బచ్చలి కాడలు పడేయకు, అవీ పప్పులోనే వేసెయ్.